శ్రీశైలం ఘాట్‌లో సైకిల్: మన్ననూరు అడవి, కృష్ణ లోయ, మళ్లీ ఎక్కుడు. ప్లాన్ చూసి చెప్పండి

గేరుబండి (హైదరాబాద్) | నవంబర్ 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక ఆరుగురం కలిసి సైకిళ్ల మీద శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు. అక్కడి నుంచి అడవి. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి లోయలోకి దిగి, డ్యామ్ కింది వంతెన మీద కృష్ణ దాటి, సున్నిపెంట మీదుగా కొండపైకి. మొత్తం సుమారు 215 కిలోమీటర్లు. ఒకే రోజులో చేయాలని మా ఆలోచన. తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే చీకటి పడేలోపు చేరతామని లెక్క వేశాం.

మాలో నలుగురం 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) పూర్తి చేశాం. మిగతా ఇద్దరూ ఇంతవరకు వంద దాటలేదు కానీ వారానికి నాలుగు రోజులు తొక్కుతారు. అన్నీ రోడ్డు సైకిళ్లే. రెండింటికి రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టేవి), నాలుగింటికి డిస్క్.

చిన్నప్పుడు మా నాన్నతో ప్రతి ఏడాదీ బస్సులో శ్రీశైలం వెళ్లేవాణ్ణి. ఈగలపెంట దాటాక ఒక మలుపులో బస్సు ఒరిగినట్టు తిరిగేది, అప్పుడు ఎక్కడో అడుగున కృష్ణ కనబడేది. నాన్న నా భుజం తట్టి "అదిగో చూడు" అనేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ మలుపు దగ్గరికి సొంత కాళ్ల మీద చేరాలని నాకు చాలా కాలంగా ఉంది. అందుకే ఈ రైడ్ సరిగ్గా జరగాలి. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

రాత్రి రైడర్ | నవంబర్ 24, రాత్రి 10:25

తమ్ముడూ, మొహమాటం లేకుండానే చెప్తున్నా. ఒకే రోజు వద్దు.

లెక్క చూడు. బ్రెవేలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, అంటే గంటకు 15 కిలోమీటర్ల లోపే. మీలో ఇద్దరు కొత్తవాళ్లు. ఆరుగురు కలిసి వెళ్తే టీలు, పంక్చర్లు అన్నీ కలిపి మీ సగటు కూడా అంతే ఉంటుంది. హైదరాబాద్ నుంచి మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. 4కు బయల్దేరితే మన్ననూరు చేరేసరికి మధ్యాహ్నం 1:20. అరగంట భోజనం. ఇంకా 75 మిగిలింది, అదంతా అడవి, ఘాట్. అదే సగటు నిలబెట్టుకున్నా సాయంత్రం 7 అవుతుంది. జనవరి మధ్యలో సూర్యుడు 6కే అస్తమిస్తాడు.

ఇప్పుడు ఆ చివరి గంట ఎక్కడ పడుతుందో చూడు. సరిగ్గా ఈగలపెంట నుంచి డ్యామ్‌కు దిగే మలుపుల్లో, ఆ తర్వాత ఎక్కుడులో. దారి మొత్తంలో అన్నిటికంటే కష్టమైన ముక్కకు 190 కిలోమీటర్లు తొక్కిన చేతులతో, చీకట్లో చేరతారు. 215 మీకు చేతకాదని నేననను. కానీ ఆ లోయ కోసం వెళ్తూ, ఆ లోయను చీకట్లో దాటడం ఎందుకు?

మొదటి రోజు మన్ననూరు, రాత్రి బస. రెండో రోజు తెల్లారాక అడవి, లోయ, కొండ. నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నువ్వనుకున్నట్టే చేసి దోమలపెంటలో ఆగిపోయాను, అక్కడి నుంచి సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను.

పాలమూరు పిల్లగాడు (నాగర్‌కర్నూల్) | నవంబర్ 25, ఉదయం 6:50

రాత్రి రైడర్ అన్న చెప్పిందే కరెక్ట్. ఇంకోటి కూడా గుర్తు పెట్టుకోండి. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అవతల దోర్నాల వైపు శిఖరం చెక్‌పోస్ట్ కూడా అంతే. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి పూట జంతువులకు దారి వదలాలి. పొద్దున 6కు గేటు తీసినా జనవరిలో తెల్లారేసరికి 6:50 అవుతుంది, పైగా మంచు. 7 తర్వాత కదలండి. పొద్దుపొద్దున్నే రోడ్డు మీద జింకలు, అడవి పందులు అడ్డొస్తుంటాయి. సైకిల్ చప్పుడు చేయదు కాబట్టి దగ్గరికి వచ్చేదాకా వాటికి తెలియదు. మలుపుల్లో బెల్లు కొడుతూ వెళ్లండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దు.

సైకిళ్లని చెక్‌పోస్ట్‌లో ముందే చెప్పండి. మా వాళ్లు వెళ్లినప్పుడు గుంపుగా వెళ్లమన్నారు, మధ్యలో రోడ్డు దిగి అడవిలోకి పోవద్దన్నారు. ఆ మాట పాటించాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపల నిషేధం, తినే ఎనర్జీ జెల్ ప్యాకెట్ చింపినా ఆ ముక్క జేబులోనే ఉండాలి.

మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే అచ్చంపేటలో లాడ్జీలుంటాయి. కానీ అక్కడుంటే పొద్దున్నే కొంత దూరం అదనం.

కొత్త పెడల్ | నవంబర్ 25, ఉదయం 8:15

నేను గేరుబండి అన్న చెప్పిన ఆ ఇద్దరిలో ఒకదాన్ని. ఇప్పటివరకు నా అతి పెద్ద రైడ్ 84 కిలోమీటర్లు. ఒకే రోజు అన్నప్పుడు కాదనలేక ఊరుకున్నాను కానీ వారం నుంచి టెన్షన్‌గానే ఉంది. రెండు రోజులైతే నాకు ధైర్యం వస్తుంది.

నాకు ఎక్కడం కంటే దిగడం భయం. అనంతగిరిలో దిగేటప్పుడు చేతులు బిగుసుకుపోయి, బ్రేకు వదలాలన్నా వేళ్లు విడిపోలేదు. దీనికి ఏం చేయాలి? ఇంకో ప్రశ్న, ఆడవాళ్లం ఇద్దరం ఉన్నాం. దారిలో బాత్రూమ్‌ల పరిస్థితి ఏంటి?

స్పోక్ మెకానిక్ | నవంబర్ 25, మధ్యాహ్నం 1:05

కొత్త పెడల్ గారూ, మీ భయం మంచిదే. ఘాట్‌లో పడేది ఎక్కువగా దిగేటప్పుడే. ఇరవై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు రిమ్ బ్రేకుల సంగతి. బ్రేకు పట్టుకునే దిగితే ప్యాడ్ రాసుకుని రిమ్ వేడెక్కుతుంది. ఆ వేడి లోపలి ట్యూబ్‌కు తగులుతుంది, గాలి ఉబ్బుతుంది. ఒక్కోసారి మలుపు మధ్యలో ట్యూబ్ పేలుతుంది. మా తమ్ముడి సైకిల్‌కు ఒక షాపులో ట్యూబ్ మార్చినప్పుడు రిమ్ టేప్ (రిమ్ లోపల స్పోక్ రంధ్రాలను కప్పే పట్టీ) సరిగా కూర్చోబెట్టలేదు. ఘాట్ దిగుతుంటే స్పోక్ రంధ్రం దగ్గర ట్యూబ్ ఉబ్బి పగిలింది. వాడు నెమ్మదిగా వస్తున్నాడు కాబట్టి మోచేయి చెక్కుకుపోవడంతో బయటపడ్డాడు. తర్వాత ఆ ట్యూబ్ నా చేతికిచ్చాడు. శనగగింజంత గుండ్రటి బుడిపె, దాని నెత్తిన చిల్లు. టేప్ ఒక్క దారం మందం పక్కకు జరిగింది, అంతే. మీ ఆరు సైకిళ్లకూ టైర్లు ఊడదీసి టేప్ చూడండి. కార్బన్ రిమ్‌లు, రిమ్ బ్రేకులు ఉంటే ఈ రైడ్‌కు అల్యూమినియం చక్రాలు అడిగి తెచ్చుకోండి.

దిగే పద్ధతి: మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించండి. మలుపులోకి వచ్చాక వదిలేయండి. దారి పొడవునా కొంచెం కొంచెంగా పట్టుకుని ఉండటమే అన్నిటికంటే చెడ్డ అలవాటు. చేతులు కింది హ్యాండిల్ (వంపు తిరిగిన కింది భాగం) మీద ఉంచితే తక్కువ బలంతో బ్రేకు పడుతుంది, వేళ్లు బిగుసుకోవు. లీవర్ మీ వేళ్లకు దూరంగా ఉంటే చిన్న స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చుకోవచ్చు. సన్న చేతులవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు, కానీ సగం భయం దీంతోనే పోతుంది. మధ్యలో రెండుసార్లు ఆగండి. వేడిగా ఉన్న రిమ్ మీద, డిస్క్ మీద నీళ్లు పోయకండి. గాలికి ఆరనివ్వండి.

గేర్ల గురించి కూడా. ముందు చిన్న చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) 34 పళ్లు, వెనక పెద్దది 28 అయితే నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పినా గంటకు 9 కిలోమీటర్ల వేగం ఉండాలి. ఎక్కుడు 7 శాతం ఉంటే, సైకిల్‌తో కలిపి 80 కిలోల మనిషికి దాదాపు 150 వాట్లు కావాలి. అదే వెనక 32 ఉంటే 8 కిలోమీటర్లతో, 130 వాట్లతో సరిపోతుంది. రెండు రోజుల రైడ్‌లో ఆ 20 వాట్లు చాలా పెద్ద తేడా. కొత్త క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్) వేస్తే చైన్ పొడవు, వెనక డెరైల్యూర్‌కు (గేరు మార్చే భాగానికి) అంత పెద్ద క్యాసెట్ పడుతుందా లేదా చూసి వేయించండి. రైడ్ ముందురోజు మార్చొద్దు, కనీసం రెండు వారాలు తొక్కి చూసుకోండి.

సున్నిపెంట వాసి | నవంబర్ 25, రాత్రి 8:30

మా ఊరి దారి గురించి ఇంత మాట్లాడుకుంటుంటే సంతోషంగా ఉంది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. డ్యామ్ దగ్గరి మలుపుల్లో రోజూ తిరుగుతాను.

మీరు దిగే లోతు ఎంతో అంకెల్లో చూసుకోండి. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. డ్యామ్ కింద మీరు వంతెన మీద దాటే నీళ్లు నాగార్జునసాగర్ వెనుక జలాలు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. అంటే లోయలోంచి డ్యామ్ నీటి ఎత్తుకు రావడానికే దాదాపు 300 అడుగులు ఎక్కాలి. శ్రీశైలం ఊరు సుమారు 1,500 అడుగుల ఎత్తులో ఉంది. కాబట్టి డ్యామ్ కనబడగానే అయిపోయిందని ఎవరూ అనుకోవద్దు. వంతెన నుంచి గుడి దాకా ఇంకా పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లుంది. వంతెన దాటిన వెంటనే మలుపులు నిటారుగా ఉంటాయి. సున్నిపెంటలో కాస్త ఊపిరి తీసుకున్నాక మళ్లీ ఎక్కుడే.

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా లోయలో ఉండకుండా చూసుకోండి. జనవరిలో కూడా ఆ రాళ్లు వేడిని పట్టుకుని ఉంటాయి, గాలి ఆడదు. మన్ననూరులో 7కు బయల్దేరితే మీరు 11 లోపు వంతెన మీద ఉండొచ్చు. అప్పటికి ఇంకా చల్లగానే ఉంటుంది. వంతెన పక్కన కాసేపు నిలబడండి. కింద జాలర్లు పుట్టి పడవల్లో వలలు తీస్తుంటారు. పైనుంచి చూస్తే గుండ్రటి బుట్ట తనంతట తానే నీళ్ల మీద తిరుగుతున్నట్టు ఉంటుంది, దగ్గరికి దిగితే గానీ అందులో మనిషి కనబడడు. అక్కడే లింగాలగట్టులో చేపలు తినకుండా వెళ్లొద్దు. కాకపోతే ఎక్కాల్సింది ఇంకా ఉంది కాబట్టి కొంచెంగా తినండి.

కోతులతో జాగ్రత్త. జెర్సీ వెనక జేబులో అరటిపండు కనిపిస్తే అవి ఊరుకోవు. పోయినేడు ఒక సైకిల్ అబ్బాయి వ్యూ పాయింట్ దగ్గర ఫోటో తీసుకుంటుంటే వెనక నుంచి వచ్చి జేబు మొత్తం లాగేసింది. పండుతో పాటు తాళంచెవులు కూడా లోయలోకి పోయాయి.

రెండు చక్రాల డాక్టర్ | నవంబర్ 25, రాత్రి 9:55

కొత్త పెడల్ గారు అడిగిన వాటికి నేను చెప్తాను. కల్వకుర్తి దాకా పెట్రోల్ బంకులున్నాయి, వాటిలో పెద్దవి చూసుకోండి. మన్ననూరులో మీ బస ఉంటుంది. ఆ తర్వాత అడవిలో దాదాపు ఏమీ లేనట్టే అనుకుని బయల్దేరండి. బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేయడం మన ఆడవాళ్లకు అలవాటు. దయచేసి అది చేయకండి. తలనొప్పి, కళ్లు తిరగడం అక్కడి నుంచే మొదలవుతాయి. వెంట ఒక బండి పెట్టుకుంటే, ఈగలపెంట లాంటి చోట ఎవరింట్లోనైనా అడగడానికి కూడా వీలుంటుంది. మేం అలాగే అడిగాం. ఆ ఇంటావిడ మమ్మల్ని లోపలికి పిలిచి మజ్జిగ కూడా ఇచ్చింది.

తిండి విషయం: గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. మాకు బాగా పనిచేసింది పులిహోర. నిమ్మకాయంత ఉండలు చేసి, అరిటాకు ముక్కల్లో చుట్టి తెచ్చుకున్నాం. ఉప్పు ఉంటుంది, చద్దిగా ఉన్నా పాడవదు, తీపి తిని తిని విసుగొచ్చిన నోటికి బాగుంటుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా అరగంటకొకటి తినండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలోనే కలపండి, చిక్కగా చేస్తే కడుపు తిప్పుతుంది. ఒక్కొక్కరికి రెండు పెద్ద సీసాలు ఉండాలి, మన్ననూరులో రెండూ నింపుకోండి.

వేళ్లు తిమ్మిరెక్కితే ఆగి భుజాలు వదులు చేసుకోండి. చాలామందికి తిమ్మిరి చేతుల్లో ఉన్నా అసలు కారణం మెడ, భుజాలు బిగబట్టడమే.

ఎత్తు పల్లం (డెన్వర్) | నవంబర్ 26, ఉదయం 7:10

నేను కొలరాడోలో ఉంటాను. ఇక్కడ గన్నిసన్ నది బ్లాక్ కాన్యన్ నేషనల్ పార్క్‌లో ఈస్ట్ పోర్టల్ రోడ్డు అని ఉంది, ఏటవాలు 16 శాతం దాకా వెళ్తుంది. కొండ అంచు నుంచి నది దాకా దిగడమే, మళ్లీ అదే దారిలో పైకి. అక్కడ నేర్చుకున్నది ఒక్కటి చెప్తా. లోయ రైడ్‌లో కష్టం తిరగబడి వస్తుంది. మామూలు కొండైతే అలసిపోతే వెనక్కి తిరిగి జారుకుంటూ రావచ్చు. లోయలోకి దిగాక అలసిపోతే ఎటు వెళ్లాలన్నా ఎక్కాల్సిందే. అందుకే దిగే ముందే ఆగి, ఆరుగురూ ఒకరినొకరు అడగండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఈగలపెంటలోనే బండి ఎక్కించండి. కింద వంతెన దగ్గర కాదు.

శ్రీశైలం నేను కారులో తప్ప వెళ్లలేదు. మీ పోస్టులు చదువుతుంటే సెలవులకు వచ్చినప్పుడు సైకిల్ తెచ్చుకోవాలనిపిస్తోంది.

గేరుబండి | నవంబర్ 26, రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఆరుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకే రోజు అనే మాట వదిలేశాం. కొత్త పెడల్ వారం నుంచి టెన్షన్ పడుతోందని ఇక్కడ చదివేదాకా నాకు తెలియదు. అది నేను ముందే అడగాల్సింది.

ఇంకా తేలనివి: ఏ రోజులు వెళ్లాలి? తిరుగు ప్రయాణం ఎలా?

రాత్రి రైడర్ | నవంబర్ 26, రాత్రి 11:00

గురు, శుక్రవారాలు. శని, ఆదివారాల్లో అడవి దారి నిండా కార్లే, ఘాట్‌లో ఓవర్‌టేక్‌లు ఎక్కువ. రిపబ్లిక్ డే సెలవులు వద్దు. కార్తీక సోమవారాలు, శివరాత్రి ముందు రోజులు కూడా వద్దు. అప్పుడు శివస్వాములు వందల మంది నడిచి వెళ్తుంటారు, దారి వాళ్లదే. ఆగస్టు, సెప్టెంబరులో గేట్లు ఎత్తినప్పుడు వెళ్దామని కూడా కొందరంటారు. పన్నెండు గేట్లలోంచి కృష్ణ దూకడం ఈ జన్మలో ఒకసారి చూడాల్సిందే, కానీ బస్సెక్కి వెళ్లి చూడు. ఆ రోజుల్లో కిలోమీటర్ల పొడవున బండ్లు నిలిచిపోతాయి, మలుపుల్లో సైకిల్‌కు చోటుండదు.

ఘాట్‌లో బస్సులు, లారీలు మలుపు తిరిగేటప్పుడు రోడ్డు మొత్తం తీసుకుంటాయి. ఎదురుగా వస్తుంటే మలుపుకు ముందే ఎడమ పక్కన ఆగిపోండి. హారన్ వినపడ్డాక నిర్ణయం తీసుకునే టైమ్ ఉండదు.

తిరుగు ప్రయాణానికి నాకు నచ్చిన దారి వేరే ఉంది. మర్నాడు పొద్దున్నే శిఖరం మీదుగా దోర్నాల దిగి, మార్కాపురం రోడ్ స్టేషన్ దాకా తొక్కండి. సుమారు 85 కిలోమీటర్లు, నల్లమల అవతలి ముఖం చూస్తారు. అక్కడ సైకిళ్లు రైల్లో పార్సెల్ వేయొచ్చు. కానీ ఆరు సైకిళ్లంటే ముందురోజే స్టేషన్‌కు ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. మీకు వెంట బండి ఉంటే ఈ తలనొప్పి లేదు.

పాలమూరు పిల్లగాడు | నవంబర్ 27, ఉదయం 7:05

బండి సంగతి నేను చూస్తా అన్నా. మా ఊర్లో తెలిసినాయనకు బొలెరో ఉంది, ఆ దారి ఆయనకు కొట్టినపిండి. ఆరు సైకిళ్లు పడతాయి, మధ్యలో పాత పరుపులు వేస్తే గీతలు పడవు.

మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ వస్తుంది, పోతుంది. దాన్ని నమ్ముకోవద్దు. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, ఈ మూడు చోట్లా ఆరుగురూ వచ్చేదాకా ఎవరూ కదలొద్దని ముందే మాట అనుకోండి. అందరికంటే వెనక మీలో గట్టివాడు ఉండాలి. ముందు కాదు, వెనక.

గేరుబండి | నవంబర్ 30, రాత్రి 8:45

ఖాయం అయిన ప్లాన్ ఇది. జనవరి 21, గురువారం, తెల్లవారుజామున 5కు తుక్కుగూడ. కల్వకుర్తిలో టిఫిన్, డిండిలో ఆగడం, సాయంత్రానికి మన్ననూరు. మొదటి రోజే 140 కాబట్టి కొత్తవాళ్లిద్దరికీ ఎక్కడ కావాలంటే అక్కడ బొలెరో ఎక్కే స్వేచ్ఛ ఉంది. వాళ్ల కాళ్లు రెండో రోజుకు దాచుకోవడమే ముఖ్యం. శుక్రవారం ఉదయం 7కు చెక్‌పోస్ట్. 11 లోపు వంతెన. ఆలస్యమై మధ్యాహ్నం 12 దాటాక గానీ ఈగలపెంట చేరలేకపోతే, లోయ మొత్తం బండిలో దాటి సున్నిపెంట నుంచి తొక్కుతాం. వెనక నేనుంటాను.

ఆరు సైకిళ్ల టైర్లూ ఊడదీశాం. స్పోక్ మెకానిక్ అన్నా, మీరు చెప్పిన మాట నిజమే. నా సైకిల్ వెనక చక్రంలోనే టేప్ పక్కకు జరిగి ఒక రంధ్రం సగం బయటికి కనబడుతోంది. ఈ చక్రంతోనే రెండు బ్రెవేలు తొక్కాను.

కొత్త పెడల్ | డిసెంబర్ 7, సాయంత్రం 6:30

ఈ రోజు మళ్లీ అనంతగిరి వెళ్లొచ్చాను. లీవర్ స్క్రూ రెండు చుట్లు తిప్పించాను. చేతులు కింది హ్యాండిల్ మీద పెట్టి, మలుపుకు ముందు బ్రేకు పట్టి, మలుపులో వదిలేశాను. మొదటిసారి వదలడానికి మనసొప్పలేదు. రెండోసారి వదిలితే సైకిల్ తనే తిరిగింది. నాలుగుసార్లు ఎక్కి దిగాను. కింద ఆగి చూసుకుంటే వేళ్లు మామూలుగా విచ్చుకున్నాయి.

డాక్టర్ గారూ, పులిహోర ఉండలకు అరిటాకు వాడ్చి చుట్టారా, పచ్చిదేనా? నాకు మధ్యలోనే చిరిగిపోయింది.

రెండు చక్రాల డాక్టర్ | డిసెంబర్ 7, రాత్రి 7:15

చాలా సంతోషమమ్మా. ఆకును పొయ్యి మంట మీద ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పి వాడ్చండి, మెత్తబడి బట్టలా మడతపడుతుంది. ఈనె తీసేసి, దారంతో కట్టండి.